వేషం వేసి నేర్చుకునే మాట

"వేషాలెయ్యకు" అనేది మన ఇళ్ళల్లో తిట్టు. బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి తెచ్చుకునే పిల్లాడికీ, పని తప్పించుకుంటోందని అనుమానం వచ్చిన కోడలికీ ఇదే మాట. అలాంటి వేషం వెయ్యడమే ఇరవయ్యో శతాబ్దంలో ఒక వైద్యమైంది. ఇప్పుడు అందరూ సీబీటీ అంటున్న కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో, వచ్చినావిడా థెరపిస్టూ ఎదురెదురుగా కూర్చుని ఒకరు అత్తగారు, ఒకరు కోడలు అయినట్టు మాట్లాడుకోవడం మామూలు సంగతి. దాన్ని రోల్ ప్లే అంటారు. ఇది ఎక్కడిదా అని చదువుతూ వెనక్కి వెళితే, మొదట్లో కనిపించింది ఒక మొగుడూ పెళ్ళాల గొడవ!

జాకబ్ మొరెనో 1889లో బుకారెస్ట్‌లో పుట్టాడు, వియన్నాలో వైద్యం చదివాడు. 1920ల మొదట్లో అక్కడే ఒక నాటకశాల నడిపాడు. రాసిపెట్టిన నాటకం ఉండదు, నటులు అప్పటికప్పుడు అల్లుకుని ఆడాలి. అందులో బార్బరా అనే నటి ఉండేదని ఆయన రాశాడు. ఆమె వేసేవన్నీ నెమ్మదైన, పవిత్రమైన పాత్రలు. చూడ్డానికి వచ్చే జార్జ్ అనే కవి ఆమెని ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు. కొన్నాళ్ళకి వచ్చి మొరెనో దగ్గర మొర పెట్టుకున్నాడు. స్టేజి మీద దేవతలా ఉండే మనిషి ఇంట్లో తిట్టిపోస్తోంది, చెయ్యి కూడా చేసుకుంటోంది అని. మొరెనో ఆమె పాత్రలు మార్చేశాడు. వీధుల్లో తిరిగే ఆడవాళ్ళ వేషాలు, గయ్యాళి వేషాలు ఇచ్చాడు. ఆమె కోపమంతా స్టేజి మీద కక్కేసి ఇంటికి శాంతంగా వెళ్ళేదట. తరవాత ఇద్దర్నీ స్టేజెక్కించి వాళ్ళ సంసారాన్నే ఆడించాడు. 1925లో అమెరికా వెళ్ళి ఆయన పెంచిన సైకోడ్రామాకి ఇదే విత్తనం.

ఫిర్యాదు చేసింది భర్త, కథ చెప్పింది డాక్టరు. బార్బరా వైపు నుంచి ఈ కథ నేనెక్కడా చదవలేదు. కొన్నేళ్ళకి జార్జ్ ఆత్మహత్య చేసుకున్నాడని కూడా మొరెనోయే రాశాడు. దానికి కారణాలు ఏవైనా కావచ్చు. కానీ కడుపులోది కక్కేస్తే మనసు తేలికపడుతుంది గానీ, మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర ఏం మాట్లాడాలో దానివల్ల తెలియదు కదా. తరవాతివాళ్ళు పట్టుకున్నది ఈ రెండో ప్రశ్నని.

అమెరికాలో జార్జ్ కెల్లీ అనే సైకాలజిస్టు, చిన్న వయసులో ఒక కాలేజీలో పిల్లల చేత నాటకాలు వేయించినవాడు, 1955లో అచ్చేసిన పెద్ద పుస్తకంలో ఒక చిత్రమైన పద్ధతి చెప్పాడు. ముందు నీ గురించి నువ్వే, నిన్ను బాగా ఎరిగిన స్నేహితురాలు రాసినట్టు, "ఆమె" అంటూ రాయాలి. దాన్ని చదివి థెరపిస్టు ఇంకో మనిషిని కల్పిస్తాడు, పేరుతో సహా. ఓ రెండు వారాలు నువ్వు ఆ మనిషిలా తినాలి, మాట్లాడాలి, పనిచెయ్యాలి. ఎవరికీ చెప్పకూడదు. ఆ కల్పిత మనిషి ఆదర్శమూర్తి కాదు, నీకు పూర్తి విరుద్ధమూ కాదు. కాస్త వేరు, అంతే. రెండు వారాలయ్యాక ఆ పేరు వదిలేసి మళ్ళీ నువ్వు నువ్వే. కానీ ఇంకోలా ఉండటం సాధ్యమేనని ఒంటికి తెలిసిపోయి ఉంటుంది.

ఇంకో దారి దక్షిణాఫ్రికాలోని జోహానెస్‌బర్గ్ నుంచి వచ్చింది. అక్కడ జోసెఫ్ వోల్పే, ఆయన శిష్యుడు ఆర్నాల్డ్ లాజరస్, భయంతో నోరు పెగలనివాళ్ళ చేత ఆ మాటలే గదిలో పలికించేవాళ్ళు. దానికి బిహేవియర్ రిహార్సల్ అని పేరు. 1966లో లాజరస్ ఒక పోలిక అచ్చేశాడు. 75 మందిని మూడు భాగాలు చేసి, కొందరికి రిహార్సల్, కొందరికి నేరుగా సలహా, కొందరికి సానుభూతిగా వినడం. తలా నాలుగు విడతలకి మించకుండా, విడతకి అరగంట. రిహార్సల్ చేసినవాళ్ళలో 92 శాతం, సలహా విన్నవాళ్ళలో 44 శాతం, ఊరికే చెప్పుకున్నవాళ్ళలో 32 శాతం బాగుపడ్డారని లెక్క. వైద్యం చేసిందీ లాజరసే కాబట్టి ఈ అంకెల్ని కాస్త తగ్గించి చూసుకోవచ్చు. అయినా, సలహాలివ్వడంలో ఆరితేరిన మనలాంటివాళ్ళం ఆ 44 దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

1970లలో ఈ రిహార్సల్ ఆసుపత్రి గది దాటి అమెరికా ఆడవాళ్ళ చేతికొచ్చింది. 1975లో స్టాన్లీ ఫెల్ప్స్, నాన్సీ ఆస్టిన్ అనే ఇద్దరు 'ది అసర్టివ్ వుమన్' రాశారు. అసర్టివ్ అంటే అణిగిపోకుండా, అరవకుండా, ఉన్నమాట చెప్పడం. మన ఇంటి మాటల్లో ఊహించుకోండి: "వదినా, ఈ సెలవుల్లో పిల్లల్ని పదిరోజులే ఉంచుకోగలను." ఈ ఒక్క వాక్యం గొంతు దాటక నెలంతా తలనొప్పితో పడుకున్నవాళ్ళు నాకు తెలుసు.

అయితే ఆ మాటకి బదులుగా దెబ్బ పడే ఇళ్ళూ ఉన్నాయి. వోల్పే దీన్ని మర్చిపోలేదు. ఎదురుదెబ్బ గట్టిగా తగిలేచోట అలాంటి మాట అనమని రోగిని ఎప్పుడూ పురికొల్పకూడదని థెరపిస్టులకి కచ్చితంగా చెప్పాడు. నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చింది ఇదే. ధైర్యం చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు, ఆ మాట అన్నాక రాత్రికి ఆమె ఏ ఇంట్లో పడుకోవాలో ఆలోచించేవాళ్ళు తక్కువ.

ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీ ఈ వేషాన్ని లోపలి మాట మీదకి తిప్పింది. ఇప్పుడు గదిలో సాధారణంగా ముందు రోగి చేత ఎదుటిమనిషి వేషం వేయిస్తారు, ఆ వదినగారు ఎలా మాట్లాడుతుందో థెరపిస్టుకి తెలియాలి కదా. థెరపిస్టు రోగిలా మాట్లాడి చూపిస్తుంది. తరవాత మార్చుకుంటారు. మధ్యలో రోగి గొంతు ఆగిపోతే, అక్కడే ఆపి అడుగుతుంది: "ఇప్పుడు మీ మనసులో ఏం వచ్చింది?" తీరిగ్గా కూర్చుని తలుచుకుంటే దొరకని ఆలోచన, "కాదంటే నేను చెడ్డదాన్నైపోతాను" లాంటిది, ఆ వేడిలో దొరుకుతుంది.

1979లో బెక్, ఆయన తోటివాళ్ళు డిప్రెషన్ మీద రాసిన పుస్తకంలో ఇంకో మలుపు ఉంది. రోగి తన గురించి అనుకునే కఠినమైన మాటల్నే థెరపిస్టు తన మాటలుగా అంటుంది: నేను ఎందుకూ పనికిరాను, నావల్ల ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. రోగి ఇప్పుడు ఓదార్చాల్సినావిడ. ఎదుట కూర్చున్నది ఇంకో మనిషి అనుకునేసరికి ఆమె, "అలా అంటారేమిటండీ, మీరు ఎంత చేశారో మీకే గుర్తు లేదు" అని మొదలుపెడుతుంది.