అవ్వ చేతి అరటిపండు అప్పము

నంద్యాలకు తూర్పున, నల్లమల పాదమున వెలసిన మహానందిలో, అడుగున పడిన కాసు సైతము కానవచ్చునంత తేటగా ఊరెడి కోనేటి నీరు, యాత్రికుల స్నానములు తీరిన పిదప ఆలయము వెలుపలికి ప్రవహించి అరటితోటలను తడుపుచున్నది. కరవుసీమ యని పేరుపడిన నేలపై ఇట్టి పచ్చదనమును చూచిన కన్ను చల్లబడును. అయితే అరటిగెలకు ఓర్పు లేదు. మాగుట మొదలైనచో అత్తములన్నియు ఒక్కమారే మాగును. ఇంటిల్లిపాదియు తినగా మిగిలి తోలు నల్లబడిన పండ్లకు మా సీమ ఇల్లాండ్రు కనుగొన్న సద్గతియే అప్పము.

ఈ వంటకము పేరు ప్రాచీనమైనది. ఋగ్వేదమునందే నేతితో కూడిన అపూపము ప్రస్తావింపబడినది. విజయనగర కాలమున తిరుమలలో దాతలు ఏర్పరచిన అప్పపడి, అతిరసపడి అను నైవేద్యములకు బియ్యము, నేయి, బెల్లము, మిరియములు కొలిచి యిచ్చిన విధమును శాసనములు తెలుపుచున్నవి. ఆళ్లగడ్డ మీదుగా చేరదగిన అహోబలమునకు 1515 ప్రాంతమున శ్రీకృష్ణదేవరాయలు విచ్చేసి, ఆభరణములతోపాటు ఒక గ్రామమును సమర్పించెను. దేవునికి గ్రామము నిచ్చుట యనగా, నా దృష్టిలో, ఆయన వంటశాలలోని పొయ్యి ఆరకుండునట్లు చూచుటయే.

పేదయింట అంత నేయి యెక్కడిది? అచ్చట నేతికి మారుగా నూనె వచ్చెను. బెల్లములో కొంత భాగమునకు మారుగా పండు వచ్చెను. పండు తీపిని మాత్రమే గాక పిండికి తడిని, సువాసనను గూడ ఇచ్చును. కేరళమున పళంపొరియనియు, ఇండోనేషియాలో పిసాంగ్ గోరెంగనియు అరటిపండును పిండిలో ముంచి వేయించెదరు. మనవారు పండునే పిండిలో మెదిపి కలిపివేసిరి. ఈ కలయికయే నాకు అధికముగా నచ్చును.

కరకర యను గుణమునకు వరిపిండియు తోడ్పడును. నంద్యాల మైదానమున వరి విస్తరించుటకు 1863లో మద్రాసు నీటిపారుదల కంపెనీ త్రవ్వ మొదలిడి, 1882లో ప్రభుత్వము కొనిన కర్నూలు–కడప కాలువ గొప్ప ఆధారమయ్యెను. మూకుడులోని వేరుసెనగనూనె మరింత దూరపు చరిత్ర గలది, ఏలయన ఆ గింజ దక్షిణ అమెరికానుండి వచ్చినది.

మా అవ్వ రెండు మాగిన సుగంధి రకపు అరటిపండ్లను చేతితోనే మెదిపి, తురిమిన బెల్లము కరగువరకు కలిపి, గోధుమపిండిలో పిడికెడు వరిపిండి, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి చేర్చి, ముద్దను అరగంట నాననిచ్చెడిది. బెల్లము మితిమీరిన అప్పము నూనెలో విచ్చిపోవును; పండు మితిమీరిన నూనె త్రాగి మెత్తబడును. అరటియాకుపై తట్టి, చిన్న తునకను నూనెలో వేసి, అది వెంటనే బుడగలతో పైకి లేచిన తరువాత మంట తగ్గించి, అప్పమును వేసి, అంచు ముదురు తేనెరంగు వచ్చువరకు కదపక కూర్చుండెడిది. బెల్లపు పాకము అంచున గట్టిపడి, చల్లారినకొలది కరకరలాడును. వేడివేడిగా తినదలచిన మమ్ము ఆమె వారించుటకు కారణ మిదియే.

“తోలు నల్లబడనీ నాయనా, అప్పుడే అది అప్పానికొచ్చేది,” అని ఆమె తొందరపడు మాకు చెప్పెడిది.

ఇప్పుడు దూరపు బజారులకు పోవుటకు అనువైన జి-9 అరటి తోటలనిండ వ్యాపించినది. రైతుకు అది లాభము, నేను తప్పుపట్టను. కాని దానితో చేసిన అప్పమున తీపి యున్నను, సుగంధిలోని ఆ సన్నని పులుపు లేదు. అందుచేత నేటికిని సంతలో నల్లమచ్చలు పడిన సుగంధి అత్తము కంటబడినచో, ఇతరులు ప్రక్కకు త్రోసినదానినే ఏరి తెచ్చి, రెండుదినములు వంటింటి గూటిలో ఉంచుచున్నాను.