జట్టు ఎవరి సొత్తు?

2025లో హైదరాబాద్ ఎఫ్‌సి ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఆటగాళ్ళు ఒక ఊరి జట్టు వదిలి ఇంకో ఊరి జట్టుకి పోవడం మామూలే. ఇక్కడ మాత్రం జట్టుకి జట్టే మూటాముల్లే సర్దుకుని పోయింది. పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అంతకు మూడేళ్ళ క్రితమే అది ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచిన జట్టు. గచ్చిబౌలి స్టేడియంకి క్రమం తప్పకుండా వెళ్ళే కొద్దిమంది అభిమానులు బాధపడ్డారు. నగరం మాత్రం తన పనిలో తాను ఉండిపోయింది.

దీనికి మా ఆఫీసుల్లో వినపడే జవాబు ఒకటుంది. "మనవాళ్ళకి ఫుట్‌బాల్ ఎక్కదు బాస్, క్రికెట్, సినిమా చాలు" అంటారు. చరిత్ర కాస్త తిరగేస్తే ఈ మాట నిలబడదు.

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్‌లో బడిపంతులు. 1943 నుంచి అక్కడి ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకీ, దేశపు జట్టుకీ ఆయనే కోచ్. సిటీ పోలీస్ బొంబాయి రోవర్స్ కప్పుని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు గెలిచింది. డ్యురాండ్ కప్పుని 1950, 1954, 1957లో గెలిచి, ఆంధ్రప్రదేశ్ పోలీస్‌గా పేరు మారాక 1961లో మళ్ళీ గెలిచింది. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఇవన్నీ రహీం నడిపించిన భారత జట్టువే. ఆ జట్లలో హైదరాబాదీలు పలువురు ఉండేవాళ్ళు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన కథే. అంటే ఆట ఎక్కకపోవడం కాదు. ఆ రోజుల్లో దేశానికి ఫుట్‌బాల్ నేర్పిన ఊళ్ళలో ఇదొకటి.

1963 జూన్‌లో రహీం క్యాన్సర్‌తో పోయారు. తర్వాత ఆ వైభవం నెమ్మదిగా తగ్గింది. ఏ జట్టుకైనా చెడ్డకాలం వస్తుంది. కానీ చెడ్డకాలంలో దాన్ని మోసేవాళ్ళు ఉండాలి. ఇన్ని కప్పులు గెలిచిన సిటీ పోలీస్‌కి అలాంటివాళ్ళు ఎందుకు లేకపోయారన్నదే నాకు అసలు ప్రశ్న.

ఆ జట్టు డిపార్ట్‌మెంటుది. ఆడేవాడికి ఉద్యోగం దొరికేది, నెల తిరిగేసరికి జీతం వచ్చేది. పేదింటి కుర్రాళ్ళకి అది చిన్న సంగతేం కాదు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అంతెత్తుకి ఎదగడానికి ఆ భద్రత కూడా ఒక కారణం. కానీ చూసేవాడికి అందులో వాటా లేదు. సభ్యత్వం కట్టడానికి లేదు, కమిటీలో ఎవరుండాలో చెప్పడానికి లేదు. పెద్ద గెలుపులన్నీ బొంబాయిలోనో ఢిల్లీలోనో జరిగితే ఊరికి కబురుగా అందేవి. జనం ప్రేమించింది రహీం సాబ్‌ని, ఆటగాళ్ళని. వాళ్ళ తర్వాత ఆ ప్రేమ ఎక్కడికి పోవాలి? పోలీసు శాఖ మీద అభిమానంతో తాతలు మనవళ్ళని మ్యాచ్‌కి తీసుకెళ్ళరు కదా.

అదే కాలంలో కలకత్తాలో ఏం జరిగిందో చూస్తే తేడా తెలుస్తుంది. ఈస్ట్ బెంగాల్ క్లబ్ 1920లో పుట్టింది. 1947లో దేశం చీలి, తూర్పు బెంగాల్ నుంచి లక్షలమంది ఇల్లూ పొలమూ వదిలి వచ్చారు. వాళ్ళకి పోయిన నేల పేరు కలకత్తాలో ఒక క్లబ్బుకి మిగిలి ఉంది. వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇంట్లో ఇలిష్ చేప, మోహన్ బగాన్ గెలిస్తే అవతలివాళ్ళింట్లో రొయ్యలు. ఆట వంటింటి దాకా వచ్చిందన్నమాట. సభ్యులు చందా కట్టి కార్డు తీసుకుంటారు, మైదానంలో తమ గ్యాలరీలో కూర్చుంటారు, కమిటీని ఎన్నుకుంటారు, ఓడితే నిలదీస్తారు.

మన కుర్రాళ్ళు ఆడితేనే మన జట్టు అనిపిస్తుందని చాలామంది అంటారు. ఈస్ట్ బెంగాల్ చరిత్ర ఆ మాట ఒప్పుకోదు. 1949 నుంచి వరసగా మూడేళ్ళు ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచినప్పుడు ఆ జట్టు ఫార్వర్డ్ వరసని జనం 'పంచపాండవులు' అని పిలుచుకున్నారు. అహ్మద్ ఖాన్, వెంకటేశ్, ధన్‌రాజ్, సాలే, ఇక పేరు వినగానే మనకి చుట్టరికం తోచే అప్పారావు. ఐదుగురూ దక్షిణాది వాళ్ళే, ఒక్కరూ బెంగాలీ కాదు. ఇల్లు పోగొట్టుకున్న బెంగాలీలు వాళ్ళని నెత్తిన పెట్టుకున్నారు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో ఇదే క్లబ్బుకి వెళ్ళి, 1961లో కెప్టెన్ అయ్యాడు. ఆట మానేశాక కూడా కలకత్తా దగ్గర ఉత్తర్‌పాడాలోనే ఉండి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. మన ఊరు ఆటగాళ్ళని తయారుచేసింది. వాళ్ళని తరతరాలు గుర్తుపెట్టుకునే క్లబ్బు మాత్రం కలకత్తాలో ఉంది.

ఆ పట్టు ఎంత గట్టిదో 2020లో మళ్ళీ కనబడింది. 1889లో పుట్టిన మోహన్ బగాన్ ఫుట్‌బాల్ విభాగం, ఏటీకే అనే సూపర్ లీగ్ జట్టు యజమానులతో కలిసిపోయింది. కొత్త కంపెనీలో యజమానులకి 80 శాతం, పాత క్లబ్బుకి 20 శాతం. జట్టు పేరు ఏటీకే మోహన్ బగాన్. అభిమానులు ఆ మూడక్షరాలు తీసెయ్యమన్నారు. బ్యానర్లు కట్టారు, ఊరేగింపులు తీశారు, గెలుస్తున్నప్పుడు కూడా ఆ మాట మానలేదు. చివరికి 2023 మార్చిలో కప్పు గెలిచిన రాత్రే, పేరులోంచి ఏటీకే తీసేస్తున్నామని యజమాని ప్రకటించాడు. కాగితం మీద 80 శాతం ఉన్నవాడు, కాగితం మీద ఏమీ లేనివాళ్ళ మాట విన్నాడు.

ఇప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సికి తిరిగొద్దాం. అది అసలు పుట్టిందే ఇంకో జట్టు పోయిన ఖాళీలో. 2019లో పుణె జట్టు మూతపడితే లీగ్‌లో ఆ స్థానంలోకి హైదరాబాద్ వచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సి అయింది. ఆరేళ్ళకి హైదరాబాద్ జట్టు ఆ ఢిల్లీకే చేరింది. ఈ పద్ధతిలో జట్టు అంటే లీగ్‌లో ఆడే హక్కు. ఆ హక్కు ఎవరి చేతిలో ఉంటే ఊరి పేరు వాళ్ళు మారుస్తారు.

కొత్త జట్టుకి టైమ్ కూడా కలిసిరాలేదు. రెండో ఏడాదికే కోవిడ్ వచ్చింది. మ్యాచ్‌లన్నీ గోవాలో, ఖాళీ స్టేడియంలలో జరిగాయి. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్‌కి మాత్రం జనాన్ని రానిచ్చారు. ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. రెండు జట్ల రంగూ పసుపే. లీగ్ పట్టికలో పైన ఉన్నది హైదరాబాద్ కాబట్టి పసుపు చొక్కా హైదరాబాద్‌కే దక్కింది. అయినా గ్యాలరీల్లో కనబడిన పసుపులో ఎక్కువ భాగం కేరళ నుంచి వచ్చిన జనానిది. ఆట 1-1తో ముగిసింది. గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి పెనాల్టీలు ఆపడంతో హైదరాబాద్ 3-1తో కప్పు గెలిచింది. కేరళ ఓడిపోయింది, కానీ ఆ అభిమానులు ఎక్కడికీ పోలేదు. గెలిచిన జట్టుకి మాత్రం ఏడాదిన్నరలోపే జీతాల బకాయిలు మొదలయ్యాయి. ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, 2023-24లో పట్టిక అడుక్కి చేరింది. యజమానులు మారారు. తర్వాత ఊరే మారింది.

నేను పనిచేసే రంగంలో 'లాయల్టీ' అంటే యాప్‌లో పాయింట్లు, కూపన్లు, వాడటం మానేస్తే ఒక నోటిఫికేషన్. కొత్త జట్లూ అభిమానాన్ని ఇలాగే చూస్తాయి. టీషర్టు అమ్ముతాయి, ఆటగాడితో సెల్ఫీ ఇప్పిస్తాయి, ఇన్‌స్టాలో రీల్స్ పెడతాయి. అవేమీ తప్పు కాదు. కానీ తీసుకోవడం తప్ప ఇవ్వడానికి ఏమీ లేని చోట మనిషి కస్టమర్‌గానే ఉంటాడు. కస్టమర్ షాపు మూసేస్తే పక్క షాపుకి పోతాడు.

ఈ తేడా మా గుంటూరు వైపు వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. నరసరావుపేట దగ్గర కోటప్పకొండకి మహాశివరాత్రినాడు చుట్టుపక్కల ఊళ్ళనుంచి ప్రభలు వస్తాయి. వెదుళ్ళు, కర్రలు కట్టి, గుడ్డలు చుట్టి, బల్బులు బిగించి నిలబెడతారు. పెద్దవి 80, 90 అడుగులు కూడా ఉంటాయి. కావూరు ప్రభ, పురుషోత్తమపట్నం ప్రభ అని ఊరి పేరుతోనే పిలుస్తారు. అక్కడ కప్పు లేదు, పాయింట్లు లేవు. పక్క ఊరి ప్రభ కంటే మనది తగ్గకూడదు, అంతే. శివరాత్రి సరిగ్గా మిరపకోతలు, కల్లాల హడావిడి మధ్యలో వస్తుంది. కాయకి రేటు ఉన్న ఏడు చందా ఒకలాగా ఉంటుంది, లేని ఏడు ఇంకోలాగా. ప్రభ మాత్రం మానరు. డబ్బివ్వలేనివాడు తాడు పట్టడానికి వస్తాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేవాడు ఫోన్‌పేలో చందా పంపి, పండక్కి బస్సెక్కుతాడు. ఊరి ప్రభని ఇంకో ఊరికి అమ్మేశారనే మాటకి అక్కడ అర్థమే ఉండదు. అమ్మడానికి అది ఏ ఒక్కడి పేరునా లేదు.

దీన్ని మరీ తీపిగా చెప్పడం కూడా న్యాయం కాదు. ప్రభల మీద పార్టీ నాయకుల ఫొటోలు ఎక్కుతాయి, ఎవరి ప్రభ ముందు నడవాలన్న దగ్గర కులం కూడా మాట్లాడుతుంది. కలకత్తాలో 1980 ఆగస్టు 16న ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో గ్యాలరీల్లో గొడవ రేగి, తొక్కిసలాటలో 16 మంది చనిపోయారు. 'మనది' అనే మాటకి 'వాడిది కాదు' అనే అంచు ఉంటుంది. వాటా ఇచ్చినప్పుడు ఆ వాటా ఎవరెవరికి అన్నది కూడా తేల్చుకోవాల్సిందే.

అయినా ఆ ప్రమాదంతో నెగ్గుకురావచ్చు. ఎవరిదీ కాని జట్టుని మాత్రం నిలబెట్టలేం. లండన్‌లో వింబుల్డన్ జట్టుని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి వస్తే, అభిమానులు అదే వేసవిలో ఏఎఫ్‌సి వింబుల్డన్ అని సొంత క్లబ్ పెట్టుకున్నారు. కింది లీగ్‌ల నుంచి మెట్టుమెట్టూ ఎక్కి 2011లో పైన ఉన్న ప్రొఫెషనల్ లీగ్‌కి, 2020లో తమ పాత పేట ప్లౌ లేన్‌కి చేరారు. వాళ్ళ దగ్గర ముందు ఉన్నది డబ్బు కాదు. జట్టు పోతే పోగొట్టుకున్నది తామేనన్న ఎరుక.

గచ్చిబౌలి చుట్టూ నాలాంటివాళ్ళు వేలల్లో ఉన్నారు. గుంటూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చి పదేళ్ళు దాటినా, "మీదే ఊరు?" అంటే ఇంకా పాత ఊరి పేరే చెబుతాం. ఒక జట్టు మాకు ఈ నగరంలో చందా కట్టే చోటు, తాడు పట్టే చోటు అయి ఉండొచ్చు. హైదరాబాద్‌కి మళ్ళీ పెద్ద జట్టు రావచ్చు. వచ్చినప్పుడు కోచ్ ఎవరు, ఫారిన్ ఆటగాళ్ళు ఎవరు అని అడిగేముందు ఇంకోటి అడగాలి. మమ్మల్ని అడక్కుండా దీన్ని తీసుకుపోయే హక్కు ఎవరికైనా ఉందా? ఉందంటే, టికెట్ కొని ఆట చూసి రావచ్చు, అందులో తప్పేం లేదు. మన జట్టు అనడానికి మాత్రం ఇంకొంచెం ఆగాలి.