పేజ్‌మేకర్లో చిక్కుకుపోయిన తెలుగు

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు మా బాబాయి ఒక సీడీ చేతిలో పెట్టాడు. మా తాతయ్య 2001లో వేసిన ఊరి చరిత్ర పుస్తకం ఫైళ్ళు అందులో ఉన్నాయట. పుస్తకం ఒక్క కాపీయే మిగిలింది, దానికీ చివరి పేజీలు చెదలు తినేశాయి. "నువ్వు సాఫ్ట్‌వేరేగా, మళ్ళీ అచ్చేయించరా" అన్నాడు. ఒక సాయంత్రం పనిలే అనుకున్నా. మూడు వారాలు పట్టింది! ఎందుకో చెప్పాలంటే తెలుగు డీటీపీ చరిత్ర కాస్త చెప్పుకోవాలి.

ఆ పుస్తకం కంపోజింగ్ జరిగింది చిక్కడపల్లిలో. ఆ రోజుల నాటి తెలుగు పుస్తకం ఏదైనా తీసి మొదటి పేజీ వెనకవైపు చూడండి, 'డి.టి.పి.' అన్నచోట చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ పేర్లు తరచూ కనిపిస్తాయి. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఇక్కడే, త్యాగరాయ గానసభ ఇక్కడే. లైబ్రరీలో కూర్చుని ప్రూఫులు దిద్దుకుని, నాలుగడుగులేసి సెంటర్లో ఇచ్చి, పుస్తకం వచ్చాక గానసభలో ఆవిష్కరణ పెట్టుకోవచ్చన్నమాట. తాతయ్యా అలాగే చేశాడు, ఆవిష్కరణ మాత్రం ఊళ్ళో పెట్టుకున్నాడు.

పేజ్‌మేకర్‌ని ఆల్డస్ కంపెనీ 1985లో మాకింటాష్ కోసం విడుదల చేసింది. 1994లో ఆల్డస్‌ని అడోబీ కొనేసింది. సీసపు అక్షరాల కేసులు పోయి మన దగ్గరా కంప్యూటర్లొచ్చాయి. కానీ పేజ్‌మేకర్‌కి తెలుగు రాదు కదా? అందుకే మనవాళ్ళు దాన్ని మోసం చేశారు. ఫాంటులో రోమన్ అక్షరాలుండే గళ్ళలో తెలుగు ముక్కలు పెట్టేశారు. ఉన్నవి మొత్తం 256 గళ్ళు, అందులో మొదటి 32 కంట్రోల్ కోడ్లకే పోతాయి. మన గుణింతాలూ ఒత్తులూ అన్నీ అందులో పట్టవు. కాబట్టి తలకట్టు, కొమ్ము, ఒత్తు విడివిడి ముక్కలుగా పెట్టి అక్షరాన్ని అతికించేవాళ్ళు. అనూ ఫాంట్లు, పుణె మాడ్యులర్ వాళ్ళ శ్రీలిపి ఇలాంటివే. ఒకరి గళ్ళు ఇంకొకరికి కలవవు.

యూనికోడ్‌లో తెలుగు 1991 మొదటి వెర్షన్లోనే ఉంది, 2001లో విండోస్ ఎక్స్‌పీలోకీ వచ్చింది. మరి డీటీపీ వాళ్ళు ఎందుకు మారలేదు అంటారా? 1999లో వచ్చిన ఇన్‌డిజైన్‌లో తెలుగు ఒత్తులు సరిగ్గా పడే ఏర్పాటు అధికారికంగా వచ్చింది 2012 నాటి సీఎస్6లో! అప్పటిదాకా వాళ్ళకి వేరే దారేదీ? అచ్చుకి కావలసింది కాగితం మీద సరైన ఆకారం. ఫైల్లో ఏ కోడ్ ఉందో ప్రెస్సుకి అనవసరం.

ఇక నా పాట్లు. పేజ్‌మేకర్ ఫైళ్ళని సీఎస్6 దాకా ఇన్‌డిజైన్ తెరిచేది, 2013లో సీసీ వచ్చాక ఆ సౌకర్యం ఎత్తేశారు. ఒక స్నేహితుడి పాత మెషీన్లో సీఎస్6 దొరికింది. ఫైలు తెరుచుకుంది. మార్జిన్లు, పేజీ నంబర్లు, బొమ్మలు అన్నీ ఉన్నాయి, తెలుగు ఒక్కటే లేదు. సీడీలో ఫాంటు పెట్టలేదు మరి. గులాబీ రంగు పూసుకుని, నెత్తిన టోపీలు పెట్టుకున్న రోమన్ అక్షరాలు కనిపించాయి.

మేటర్ మొత్తం కాపీ చేసి కన్వర్టర్లో వేశా. మొదటి పాఠం: ఫాంటు సమాచారం లేని ప్లెయిన్ టెక్స్ట్ వేస్తే మధ్యలో ఉన్న ఇంగ్లీషు పేర్లు కూడా 'తెలుగు'లోకి మారిపోతాయి. ఆర్‌టీఎఫ్‌గా తీసి, ఆ ఫాంటు ఉన్న ముక్కల్నే మార్చాలి. రెండోది: ఆపరేటర్ పంక్తి చివర చేత్తో పెట్టిన హైఫన్లు ఇప్పుడు మాట మధ్యకి వచ్చి కూర్చున్నాయి. మూడోది: పొల్లు. 'సాఫ్ట్‌వేర్' అని పాత ఫాంటులో కొడితే పొల్లు పొల్లుగానే ఉంటుంది. యూనికోడ్‌లో మధ్యన కంటికి కనిపించని నాన్‌జాయినర్ పెట్టకపోతే ట కింద వ ఒత్తు పడి కూర్చుంటుంది.

ఇవన్నీ స్క్రిప్టు రాసి దిద్దుకున్నా. ఆగిపోయింది చివరి అధ్యాయం దగ్గర. అందులో తాతయ్య ఊళ్ళోని ముసలివాళ్ళని అడిగి రాసుకున్న పొలాల పేర్లు, కుంటల పేర్లు ఉన్నాయి. కన్వర్టర్ 'మొగలికుంట' అని ఇచ్చింది. బాగానే ఉంది, మొగలిపొద ఎవరికి తెలీదు? కానీ ఆ కన్వర్టర్ కొన్నిచోట్ల గ ఒత్తు మింగేస్తోందని ముందు అధ్యాయాల్లోనే చూశాను. మరి ఇది మొగలికుంటా, మొగ్గలికుంటా? మామూలు మాట తప్పయితే చదివేవాడు పట్టుకుంటాడు. నిఘంటువులో లేని పేరు తప్పయితే ఆ తప్పే రేపు చరిత్ర. అచ్చు కాపీలో ఆ పేజీ చెదల పాలు. చెప్పాల్సిన తాతయ్య 2016లోనే పోయాడు.

చివరికి నారాయణగూడలో ఒక పాత డీటీపీ షాపాయన దగ్గర ఎక్స్‌పీ, పేజ్‌మేకర్, ఆ ఫాంటు మూడూ దొరికాయి. ఆయన ఫైలు తెరిచి ఆ అధ్యాయం లేజర్ ప్రింటు తీసిచ్చాడు. గ కింద ఒత్తు స్పష్టంగా ఉంది. మొగ్గలికుంట! డబ్బులిస్తే ప్రింటుకి మాత్రమే తీసుకున్నాడు.

నాకర్థమైంది ఇదీ: ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకి మార్చడం అంటే పేజీ మార్చడమే. అక్షరాలు మార్చడం వేరే పని, దానికి సాక్ష్యం కావాలి. మీ ఇంట్లో ఇలాంటి సీడీ ఉంటే అది పాడయ్యేలోపు ఫైలుతో పాటు ఫాంటు కూడా దాచండి, ఆ ఫాంటుతోనే ఒక పీడీఎఫ్ తీసిపెట్టండి. ఆ తర్వాతే యూనికోడ్‌కి మార్చండి. ఆ షాపాయన ఈ సంక్రాంతికల్లా షాపు ఎత్తేస్తానంటున్నాడు.