గరిక నుంచి బెర్ముడా దాకా: అమెరికా పచ్చికల పుట్టుపూర్వోత్తరాలు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగువారికి మొదటి వసంతంలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఇంటి ముందు ఏ గడ్డి వెయ్యాలి? దుకాణంలో విత్తనాల సంచుల మీద కెంటకీ బ్లూగ్రాస్, బెర్ముడా వంటి పేర్లు కనిపిస్తాయి. ఇవన్నీ ఆయా ప్రాంతాల్లో పుట్టిన గడ్డి రకాలని అనుకోవడం సహజం. కాని కెంటకీ బ్లూగ్రాస్ కెంటకీలో పుట్టలేదు, బెర్ముడా గడ్డి స్వస్థలం బెర్ముడా కాదు. గడ్డిని ఎంచుకోవడానికి దాని పేరు కన్నా దాని చరిత్రే మంచి ఆధారం.

అసలు లాన్ అన్న ఊహే ఇంగ్లండు నుంచి వచ్చింది. చల్లగా, తేమగా ఉండే ఆ దేశంలో పద్దెనిమిదో శతాబ్దపు భూస్వాములు తమ భవనాల చుట్టూ పచ్చికను పెంచి, గొర్రెలతో మేపించో, కొడవళ్ళతో కోయించో పొట్టిగా ఉంచేవారు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డికోత యంత్రాన్ని కనిపెట్టాక ఆ వైభవం మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. అమెరికాలో ఫ్రాంక్ స్కాట్ 1870లో ప్రచురించిన పుస్తకం, నగర శివార్లలోని ఇళ్ళకు పచ్చికే ప్రధానమైన అందమని బోధించింది.

ఊహతోపాటు గడ్డి కూడా సముద్రం దాటింది. కెంటకీ బ్లూగ్రాస్ శాస్త్రీయ నామం పోవా ప్రాటెన్సిస్. యూరపునుంచి వలస వచ్చినవారు పశువుల మేతకోసం తెచ్చుకున్న ఈ గడ్డి కెంటకీ సున్నపురాతి నేలల్లో విస్తారంగా పెరిగి, ఆ రాష్ట్రం పేరుతోనే ప్రసిద్ధి పొందింది. దాని స్వభావం మాత్రం మారలేదు. సుమారు 15 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య అది బాగా ఎదుగుతుంది. మండే ఎండల్లో నీరు అందకపోతే గోధుమరంగుకు తిరిగి నిద్రాణస్థితిలోకి జారుకుంటుంది. న్యూజెర్సీలో కళకళలాడిన గడ్డినే డాలస్‌కు మారినవారు అక్కడా చల్లితే మొదటి వేసవిలోనే నిరాశ తప్పదు.

ఇక బెర్ముడా. ఇది సైనోడాన్ డాక్టిలాన్, అంటే మన గరికే. వినాయక చవితి పత్రిలో దూర్వాయుగ్మంగా పూజలందుకునేదీ, పొలంలో కలుపుగా రైతును విసిగించేదీ ఇదే. ఆఫ్రికా నుంచి దక్షిణాసియా దాకా వెచ్చని నేలలు దీని పుట్టిల్లు. 27 నుంచి 35 డిగ్రీల మధ్య ఇది చురుగ్గా ఎదుగుతుంది, చలికి ఎండిపోయినట్టు కనిపిస్తుంది. అమెరికా దక్షిణాది పత్తి రైతులకు కూడా ఇది మొండి కలుపే. ఆ కలుపులోనే ప్రయోజనాన్ని చూసినవాడు గ్లెన్ బర్టన్. 1936లో జార్జియాలోని టిఫ్టన్ పరిశోధనా కేంద్రంలో చేరిన ఈ శాస్త్రవేత్త, 1943లో పశువుల మేతకోసం కోస్టల్ బెర్ముడాను విడుదల చేశాడు. 1960లో అదే కేంద్రం నుంచి వచ్చిన టిఫ్‌వే, గరికకూ దక్షిణాఫ్రికాకు చెందిన మరో సైనోడాన్ జాతికీ పుట్టిన సంకరం. అది విత్తనం కట్టదు కనుక వేళ్ళతో సహా నాటుకోవలసిందే. భారతదేశంలో 1965లో విడుదలైన సంకర సజ్జ హెచ్‌బి-1కు తల్లి అయిన టిఫ్ట్ 23ఎ వంగడం కూడా బర్టన్ కృషి ఫలితమే.

ఈ రెండు వర్గాలకూ మధ్య వర్జీనియా, ఉత్తర కరోలినా, టెనెసీ వంటి రాష్ట్రాలున్నాయి. అక్కడి వేసవి బ్లూగ్రాస్‌కు కష్టం, శీతకాలం బెర్ముడాకు కష్టం. దీనికొక పరిష్కారం కెంటకీలోనే దొరికింది. 1931లో మెనిఫీ కౌంటీలోని ఒక కొండవాలు పొలంలో చలికాలంలోనూ పచ్చగా ఉన్న గడ్డిని ఇ. ఎన్. ఫెర్గస్ అనే ఆచార్యుడు గమనించాడు. అదే 1943లో కెంటకీ 31 పేరుతో వెలువడిన టాల్ ఫెస్క్యూ. ఇదీ యూరప్ మూలాలున్న పశుగ్రాసమే. దాని వేళ్ళు లోతుగా దిగుతాయి కనుక ఎండను కొంత తట్టుకుంటుంది. కాని గరికలా పాకదు. ఖాళీ పడినచోట మళ్ళీ విత్తనం చల్లుకోవాలి.

ఈ చరిత్ర నుంచి కొన్ని ఆచరణ సూత్రాలు తేలుతాయి. ఉత్తరాదిలో బ్లూగ్రాస్, నడిమి రాష్ట్రాల్లో ఫెస్క్యూ నప్పుతాయి. రెంటినీ ఎండలు తగ్గి శరత్తు మొదలయ్యే రోజుల్లో చల్లుకోవాలి. దక్షిణాదిలో రోజంతా ఎండ తగిలే చోట బెర్ముడా వెయ్యవచ్చు. దానికి వసంతం ముగిసే వేళ అనువు. చెట్ల నీడలో బెర్ముడా బతకదు. అక్కడ సెయింట్ ఆగస్టీన్ నయం. నీటి కొరత ఉన్న మధ్య మైదానాల్లో ఒకప్పుడు అడవిదున్నలు మేసిన బఫెలో గ్రాస్ చాలు. పైన చెప్పిన బ్లూగ్రాస్, ఫెస్క్యూ, బెర్ముడాలు మూడూ వలస వచ్చినవే. ఈ నేల మీదే పుట్టింది మాత్రం బఫెలో గ్రాస్. ఏ నీళ్ళకూ, ఏ ఎండకూ అలవాటుపడిన గడ్డిని నాటుతున్నామో ముందే తెలుసుకుంటే, వేసవంతా దాన్ని బతికించడానికి పోసే నీళ్ళూ, పెట్టే ఖర్చూ చాలావరకు మిగులుతాయి. అట్లాంటాలో డాలర్లు పోసి గరిక కొనడం మన పెద్దలకు వింతగా తోచవచ్చు. కాని అక్కడి ఎండ కూడా గరికకు పరిచయమున్న ఎండే.