మూడు సత్తురేకు పెట్టెలు

లండన్ అమ్మాయి ఎల్స్‌పెత్ బియర్డ్ మోటార్‌సైకిల్ మీద ఒంటరిగా ప్రపంచం చుట్టింది. ఇది ఆ ప్రయాణంలో ఆమె సామాను కథ.

సిడ్నీ నగరం, 1983. పగలంతా ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో పనిచేసి వచ్చిన ఆ అమ్మాయి గ్యారేజీ తలుపు దించుకుంది. ఆమె బస కూడా అందులోనే. దీపం కింద స్టాండు మీద బీఎండబ్ల్యూ మోటార్‌సైకిల్ నిలబడి ఉంది. దాని పక్కన నేల మీద పరిచిన అల్యూమినియం రేకు. మన ఇళ్లలో సత్తు గిన్నె అంటామే, ఆ సత్తే.

రేకు మీద కొలిచి గీత గీసింది. గీత వెంట వంచింది. నాలుగు వైపులా గోడలు లేచాయి. మూతకు ఇంకో ముక్క, మూలలకు ఇంకొన్ని.

రేకుపెట్టె చూడ్డానికి తేలికైన పనే. చేసేవాళ్లకు తెలుస్తుంది అసలు సంగతి. గీత వెంట్రుకవాసి పక్కకు పోతే మూత కూర్చోదు. మూల బిగువుగా లేకపోతే వాన నీళ్లు లోపలికి దిగుతాయి. గడియ వదులైతే గతుకుల దారిలో దానంతటదే ఊడుతుంది. పైగా ఇవి గది మూలన పడి ఉండే పెట్టెలు కావు. వేల కిలోమీటర్లు చక్రం పక్కన అదురుతూనే ఉండాలి.

మొత్తం మూడు పెట్టెలు. వెనక చక్రానికి ఇటొకటి, అటొకటి. సీటు వెనక పైన ఒకటి. మూడింటికీ తాళాలు. ఆర్కిటెక్చర్ విద్యార్థిని ఎల్స్‌పెత్ తన చేత్తో కట్టుకున్న ఇల్లు అది. ఆ తర్వాత నెలల తరబడి ఆమెకున్న ఇల్లు అదొక్కటే.

ఇంటి నుంచి ఇక్కడిదాకా

అంతకు ముందు ఏడాది, 1982 అక్టోబర్‌లో ఆమె లండన్ నుంచి బయల్దేరింది. అప్పటికి 23 ఏళ్లు. ఆర్కిటెక్చర్ కోర్సులో మొదటి మూడేళ్లు పూర్తయ్యాయి. ఒక పబ్బులో పనిచేసి దాచుకున్న 2,500 పౌండ్లు చేతిలో ఉన్నాయి. బండి కొత్తదేం కాదు. 1974లో తయారైన ఆర్60/6 మోడల్, ఎవరో వాడి అమ్మేస్తే 900 పౌండ్లకు కొన్నది. సాయం చేయమని కంపెనీలనూ పత్రికలనూ అడిగింది. ఒక ఆడపిల్ల మోటార్‌సైకిల్ మీద ప్రపంచం చుట్టి వస్తానంటే ఎవరూ పట్టించుకోలేదు.

బండిని ఓడలో న్యూయార్క్ పంపి, తానూ అక్కడికి చేరింది. అమెరికా దాటి, మెక్సికో చూసి, లాస్ ఏంజలెస్ చేరింది. అక్కడి నుంచి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా. సిడ్నీకి వచ్చేసరికి డబ్బు దాదాపు అయిపోయింది. ఏడు నెలలు అక్కడే ఉండి ఉద్యోగం చేసింది. అప్పటికే ఎన్నో వేల మైళ్లు నడిపిన చేతులు కదా, ముందున్న దారికి ఏం కావాలో వాటికి తెలుసు. ఆ ఏడు నెలల్లో పర్సుతో పాటు పెట్టెలూ సిద్ధమయ్యాయి.

కాస్త సామాను చూస్తుండమ్మా

మన బస్టాండ్లలో రోజూ వినపడే మాట ఒకటుంది. "కాస్త సామాను చూస్తుండమ్మా, ఇప్పుడే వస్తా." ఊరూ పేరూ తెలియని మనిషికి సూట్‌కేసు అప్పగించి నీళ్ల సీసా కొనుక్కోవడానికి పరుగెడతాం. ఇద్దరు కలిసి వెళ్తే ఆ మాటతో కూడా పని లేదు. ఒకరు టిఫిన్ తింటుంటే ఒకరు మూటల దగ్గర కూర్చుంటారు.

మోటార్‌సైకిల్ మీద ఒంటరిగా వెళ్లేవాళ్లకు ఆ రెండో మనిషి లేడు. కారుకున్నట్టు తలుపులూ అద్దాలూ లేవు. బండి ఆపి పక్కకు వెళ్లిన ప్రతిసారీ సామానంతా ఆరుబయట, నడివీధిలో ఉంటుంది. గుడ్డసంచి తాడుతో కట్టి వెళ్తే అన్నం తింటున్నా చూపు కిటికీ బయటే. గుడి చూసినా, సముద్రం చూసినా మనసు బండి దగ్గరే. అంత దూరం వచ్చి చూడవలసింది చూడకుండా సంచికి కాపలా కాస్తామన్నమాట.

ఎల్స్‌పెత్ పెట్టెల విలువ నాకు ఇక్కడ తెలిసింది. తాళం వేసిందని ఆమె మనుషుల్ని అనుమానించినట్టు అనుకోకూడదు. తాళం ఉండబట్టే పెట్టెలకేసి చూడకుండా మనుషుల ముఖాల్లోకి చూడగలిగింది.

బరువు ఎక్కడ కూర్చోవాలి

రెండు చక్రాల బండికి బరువు పెట్టడం మన పాల వ్యాపారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సైకిలుకు రెండు వైపులా క్యాన్లు సమంగా వేలాడదీస్తాడు, కింది దాకా. ఒక పక్క బరువెక్కితే హ్యాండిల్ లాగుతుంది. బరువు పైకి పోతే మలుపులో బండి తూలుతుంది. వెనక చక్రం ఇరుసు దాటి వెనక్కి పోతే ముందు చక్రం తేలికై, రోడ్డు మీద పట్టు తప్పుతుంది.

మోటార్‌సైకిల్‌కూ సూత్రం ఇదే. పనిముట్లు, విడిభాగాలు, వంట సామాను పక్క పెట్టెల్లో, వీలైనంత కిందికీ ముందుకీ. దుప్పటి, బట్టల్లాంటి తేలిక సరుకు పై పెట్టెలో. వాన కోటు అన్నిటికన్నా పైన ఉండాలి, ఎందుకంటే వాన వచ్చాక వెతకడానికి వ్యవధి ఉండదు. రెండు వైపులా బరువు చేత్తో ఎత్తి సరిచూసుకోవాలి. వారం గడిచి సరుకులు తగ్గాక మళ్లీ చూసుకోవాలి.

వీటన్నిటికన్నా పెద్ద సూత్రం ఇంకొకటి. ఒంటరిగా వెళ్లేవాళ్ల బండి ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. ఇసుకలోనో, బురదలోనో, ఆపిన చోట స్టాండు దిగబడో. ఎల్స్‌పెత్ బండి ఉత్తదే 200 కిలోలు దాటుతుంది. సామానుతో కలిపి అలాగే లేపడం వస్తాదుల పని. కాబట్టి ముందు పెట్టెలు విప్పి పక్కన పెట్టాలి. తర్వాత బండికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక ఊచ పట్టుకుని, కాళ్ల బలంతో వెనక్కి నడుస్తూ లేపాలి. మళ్లీ పెట్టెలు ఎక్కించాలి. నడిరోడ్డు ఎండలో ఇదంతా ఒక్క మనిషే చేయాలి.

ఒంటరి ప్రయాణానికి ఎంత సామాను కావాలో చెప్పే తూకం ఇదొక్కటే. బండి మోయగలిగినంత అనుకుంటే పొరపాటు. పడ్డాక మనం మళ్లీ లేపుకోగలిగినంతే మన సామాను.

సత్తురేకు ఎందుకంటే, అది విరగదు, సొట్టపోతుంది. ప్లాస్టిక్ పెట్టె పగిలితే కొత్తది కొనాలి, దారిలో దొరకదు. సత్తు సొట్టను ఏ దేశంలోనైనా, ఏ పల్లెలోనైనా ఒక రాయీ ఒక సుత్తీ ఉంటే సరిచేసుకోవచ్చు.

పెట్టెలో పట్టనివి

సిడ్నీ నుంచి ఉత్తరానికి బయల్దేరింది. క్వీన్స్‌లాండ్‌లో టౌన్స్‌విల్ దగ్గర మట్టిరోడ్డు. బండి అదుపు తప్పింది. ఆమె ఎగిరిపడింది. రెండు వారాలు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది. ప్రాణం నిలిచిందంటే తల మీదున్న హెల్మెట్ వల్లే. ఏడు నెలల కష్టంతో, ఎంతో ఆలోచనతో చేసుకున్న పెట్టెలు ఆ క్షణంలో ఆమెకు చేయగలిగింది ఏమీ లేదు. ఆదుకున్నది ఒంటి మీదున్న వస్తువు.

ఆసుపత్రి నుంచి బయటికొచ్చి ఇంటికి టికెట్ కొనుక్కోలేదు. మళ్లీ బండెక్కింది. ఆస్ట్రేలియా నడిబొడ్డు ఎడారి మీదుగా పశ్చిమ తీరంలోని పెర్త్ చేరి, అక్కడ ఓడెక్కి సింగపూర్‌లో దిగింది.

రెండో దెబ్బ అక్కడ తగిలింది. విలువైనవన్నీ దొంగలపాలయ్యాయి. పాస్‌పోర్టు, అందులోని వీసాలు, బండి రిజిస్ట్రేషన్ కాగితాలు, ఓడ రవాణా పత్రాలు. మొత్తం తూచితే ఒక పలచటి పుస్తకమంత బరువుండదు. అవి లేక ఆమె ఆరు వారాలు ఆగిపోయింది. ఇంజిన్ బాగుంది, టైర్లు బాగున్నాయి, రోడ్డుంది. అయినా బండి కదలడానికి లేదు. తన బండి తనదేనని రుజువు చేసుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఆ ఆరు వారాలు గడిపింది.

దూరప్రయాణం చేసినవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకునే పాఠమిది. అన్నిటికన్నా తేలిక వస్తువే అన్నిటికన్నా బరువైనది. కాగితాల్ని ఒంటికి ఆనించుకుని ఉంచాలి. నకళ్లు ఇంకో చోట ఉండాలి. డబ్బంతా ఒకే చోట ఉండకూడదు. మన అమ్మమ్మలు రైలు ప్రయాణానికి కొంత బొడ్లో, కొంత పెట్టె అడుగున బట్టల మడతలో దాచేవాళ్లు. అది చాదస్తం కాదు, దారి ఎరిగిన తెలివి.

మద్రాసు రేవు దాకా

కొత్త కాగితాలు చేతికొచ్చాక థాయిలాండ్‌లో ఉత్తరాన చియాంగ్ మై దాకా వెళ్లింది. బర్మా మీదుగా దారి లేదు, విదేశీయుల్ని రోడ్డు మార్గాన పోనిచ్చేవాళ్లు కాదు. భారతదేశం రావాలంటే వెనక్కి మలేషియాలోని పెనాంగ్ చేరి ఓడెక్కాలి. ఆ దారిలో ఒక లారీ కింది నుంచి కుక్క అడ్డంగా దూసుకొచ్చింది. దాన్ని ఢీకొట్టి, బండి వెళ్లి చెట్టుకు గుద్దుకుంది.

దగ్గర్లో ఉన్న ఒక పేద కుటుంబం ఆమెను ఇంటికి తీసుకెళ్లి చూసుకుంది. వాళ్ల భాష ఆమెకు రాదు, ఆమె భాష వాళ్లకు రాదు. తినడానికి పెట్టారు, పడుకోవడానికి చోటిచ్చారు. దెబ్బలు తగ్గుముఖం పట్టాక ఆమె తన పనిముట్లు తీసి బండి బాగుచేసుకుంది, పూర్తిగా కాకపోయినా పెనాంగ్ దాకా నడిచేటంత. పక్క పెట్టెలో అడుగున పడి ఉండే పనిముట్లు ఎంత బరువో మోసినన్నాళ్లూ తెలుస్తూనే ఉంటుంది. వాటి విలువ తెలిసేది ఇలాంటి రోజున. అయితే స్పానర్ మోస్తే సరిపోదు, దాన్ని తిప్పడం వచ్చిన చేయీ ఉండాలి. ఆ చేతి నైపుణ్యానికి బరువు లేదు, దొంగల భయం లేదు.

ఆ రోజుల్లో మద్రాసు, పెనాంగ్, సింగపూర్ రేవుల మధ్య ప్రయాణికుల ఓడ తిరిగేది. ఆ ఓడెక్కి మద్రాసులో దిగి, మన దేశం మీదుగా నేపాల్ వెళ్లి, ఖాట్మండులో తల్లిదండ్రుల్ని కలుసుకుంది. బయల్దేరి అప్పటికి రెండేళ్లు కావస్తోంది.

1984లో పంజాబ్ కల్లోలంగా ఉంది. విదేశీయులు అటు వెళ్లాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. పాకిస్తాన్‌కు రోడ్డు దారి మాత్రం పంజాబ్ గుండానే. అనుమతి దొరకని ఎల్స్‌పెత్ ఫోర్జరీ చేసిన పత్రం చూపించి దాటింది. సింగపూర్‌లో కాగితం పోయి ఆగిపోయిన మనిషి, ఇక్కడ కాగితం తానే పుట్టించుకుని ముందుకు పోయింది. అది సరైన పనని నేననను. ఆ సాహసానికి వెనక ఉన్న అలసట మాత్రం నాకు అర్థమవుతుంది.

పాకిస్తాన్ తర్వాత ఇరాన్. కామెర్ల జబ్బు పట్టింది. నేపాల్‌లో పరిచయమైన ఒక డచ్ మోటార్‌సైక్లిస్టు అప్పటికి తోడున్నాడు. ఇస్లామిక్ విప్లవం తర్వాత ఇరాన్‌లో స్త్రీలు తల కప్పుకోవడం తప్పనిసరి. ఆమె హెల్మెట్ తీయకుండా గడిపింది. చాలామంది ఆమెను మగవాడనుకున్నారు. టౌన్స్‌విల్ మట్టిరోడ్డు మీద ప్రాణం కాపాడిన హెల్మెట్టే ఇక్కడ పరదా అయింది. మంచి ప్రయాణ వస్తువుకు ఇదే గుర్తు. ఒక పనికని తెచ్చుకుంటాం, దారి దానికి ఇంకో పని చెబుతుంది.

తిరిగొచ్చాక

టర్కీ, యూరప్ దాటి, చిక్కి సగమై, 1984లోనే లండన్ చేరింది. మొత్తం 35,000 మైళ్లు, అంటే దాదాపు 56,000 కిలోమీటర్లు. మోటార్‌సైకిల్ మీద ప్రపంచం చుట్టిన తొలి ఇంగ్లిష్ మహిళ ఆమేనని ఈరోజు అంటారు. ఆనాడు ఆ మాట అన్నవాళ్లు లేరు. ఏ పత్రికా పలకరించలేదు. ఆమె మళ్లీ చదువులో పడింది, ఆర్కిటెక్ట్ అయింది. 1988లో సర్రే ప్రాంతంలో పాడుబడిన పాత నీళ్ల ట్యాంకు టవర్ ఒకటి కొని, ఏళ్లపాటు శ్రమించి ఇల్లుగా మార్చింది. దానికి బ్రిటిష్ ఆర్కిటెక్టుల సంస్థ పురస్కారం వచ్చింది. తన ప్రయాణాన్ని 'లోన్ రైడర్' పేరుతో పుస్తకంగా తెచ్చింది 2017లో, తిరిగొచ్చి ముప్పై ఏళ్లు దాటాక. ఆ పాత బీఎండబ్ల్యూను అమ్మలేదు.

ఈరోజు హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి ఎందరో కుర్రాళ్లు, అమ్మాయిలు బుల్లెట్ మీద లడఖ్ దారి పడుతున్నారు. తాళాల పెట్టెలు దుకాణంలో దొరుకుతున్నాయి, రేకు వంచాల్సిన పని లేదు. వాళ్లకు నేను చెప్పాలనుకునేది ఒకటే. బయల్దేరే ముందు రోజు సామానంతా ఎక్కించి, బండిని ఇంటి ముందు మెత్తటి మట్టిలో మెల్లిగా పక్కకు పడుకోబెట్టండి. ఎవరినీ పిలవకుండా పెట్టెలు విప్పి, బండి లేపి, మళ్లీ ఎక్కించండి. లేపలేకపోతే ఒక్కో వస్తువూ తీసి ఇంట్లో పెట్టిరండి. మీరు లేపగలిగిన చోట ఆగండి.

అక్కడికి మీ సామాను సర్దడం పూర్తయినట్టే. ఇక కాగితాలు ఒంటికి ఆనించుకుని, తలకు హెల్మెట్ బిగించుకుని బయల్దేరడమే.