బట్టీ లేని గాజు వ్యాపారం: కదిరి సీమలో కిటికీ అద్దాల చరిత్ర

కదిరి, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పట్టణాల్లో కిటికీ అద్దాల అంగళ్ళకు కొదవ లేదు. అయితే ఆ అద్దం ఇక్కడ కరిగి పలకైంది కాదు. ఎక్కడో తయారై లారీలో దిగుతుంది, ఇక్కడ కోతకూ కూర్పుకూ లోనవుతుంది. ముడిసరుకు లేకపోవడమే ఇందుకు కారణమని తేల్చేయడం సులువు. ఆ మాటలో సగమే నిజమని ఈ వ్యాసం వాదిస్తుంది. ఈ సీమలో గాజు వ్యాపారానికి రూపం ఇచ్చినవాటిలో ఖనిజాల కంటే ఇంటి కట్టడానిదే పెద్ద పాత్ర.

ముందు ముడిసరుకు సంగతి. గాజుకు ఇసుక లేదా తెల్లరాయి, సోడా, సున్నం కావాలి. అనంతపురం నల్లరాతి నేలలో పలుగురాతి చారలు తరచుగా కనిపిస్తాయి. సున్నపురాయి, డోలమైటు తాడిపత్రి వైపు దొరుకుతాయి. సోడా కలిసిన చవుడు నేలలు చాలా ఊళ్ళకు తెలిసినవే. పొరుగునే ఉన్న చిత్రదుర్గ ప్రాంతంలో ఇవే సరుకులతో గాజు చేశారు. టిప్పు పతనం తరువాత 1800-1801లో మైసూరు రాజ్యమంతా తిరిగిన ఫ్రాన్సిస్ బుకానన్ ఇప్పటి హొసదుర్గ తాలూకాలోని మత్తోడులో గాజుల బట్టీలను చూసి వివరంగా రాశాడు. ఊరి కోటగోడకు లోపలివైపు ఆనించి కట్టిన గుమ్మటాల్లాంటి బట్టీలవి. సోడా మన్నునూ తెల్లరాతి పొడినీ కలిపి కరిగించేవారు, లోహాలతో రంగులు తెచ్చేవారు. నలుపు, ఆకుపచ్చ గాజులకు గిరాకీ ఎక్కువ. ఆయన పుస్తకం 1807లో అచ్చయింది. దక్కను గాజు చరిత్రను అలహాబాదు, ఫిరోజాబాదులతో మొదలుపెట్టే మన అలవాటుకు ఈ పుటలు మంచి విరుగుడు.

మరి అవే బట్టీల నుంచి కిటికీ పలక ఎందుకు రాలేదు? ముంజేతి గాజుకు నిర్మలత్వం అక్కర్లేదు. ముడి సరుకులోని ఇనుము తెచ్చే ఆకుపచ్చ ఛాయ అక్కడ దోషం కాదు, ఒక్కోసారి అదే అందం. పలక విషయం వేరు. ఇనుము బాగా తక్కువైన ఇసుక కావాలి, సమమైన మందం కావాలి, పగలకుండా నెమ్మదిగా చల్లార్చే పొడవాటి బట్టీ కావాలి. బెల్జియంలో ఎమిల్ ఫూర్కో కరిగిన గాజును నిలువుగా పైకి లాగి పలకలు తీసే యంత్రాన్ని 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో వాడుకలోకి తెచ్చేదాకా ఐరోపాలో కూడా కిటికీ గాజు చాలావరకు ఊదేవాళ్ళ ఊపిరి మీదే ఆధారపడింది.

చవుడు మన దగ్గర వృథా పోలేదు. అది ఇంటి మీదికెక్కింది. రాయలసీమ మట్టిమిద్దెలో దూలాల మీద దంతెలు, ఆపైన కంప లేదా బండలు, వాటి మీద మన్ను, అన్నింటికీ పైన చవుడు. వానకు ముందు కొత్త చవుడు పోసి సరిచేసేవారు. తడిస్తే సోడా కలిసిన ఆ మట్టి మెత్తగా విడిపోయి సందులను పూడుస్తుంది, నీరు దిగదు. చాకలి రేవులో బట్టలు తెల్లబడడానికీ అదే చవుడు. మత్తోడులో గాజైన సరుకు కదిరి వైపు పైకప్పైంది.

ఆ పైకప్పు కింద కిటికీకి అవసరం తక్కువ. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, నెలల తరబడి ఎండ ఉన్న నేలలో మందపాటి గోడ, చిన్న కంత, కప్పులో గవాచి చాలు. పొగ పోతుంది, పొద్దు తెలుస్తుంది. వానొస్తే గవాచి మీద బండో మూకుడో కప్పేస్తారు. దొంగల భయం కూడా కంతను చిన్నదిగానే ఉంచింది. సంపన్నుల కట్టడాలు కూడా గాజును కోరుకోలేదు. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధానిగా మారిన పెనుకొండలోని గగన్ మహల్ కమానులను చూస్తే గాలికిచ్చిన ప్రాధాన్యం తెలుస్తుంది. ఎండను ఆపి గాలిని వదిలే కిటికీ కావలసినచోట, గాలిని ఆపి ఎండను వదిలే గాజుకు పని ఏముంది?

1890ల్లో రైలు వచ్చింది. గుంతకల్లు–బెంగళూరు మార్గం ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా, పాకాల–ధర్మవరం మీటర్‌గేజి మార్గం కదిరి మీదుగా సాగాయి. అప్పటికి కదిరి తాలూకా ఇంకా కడప జిల్లాలోనే ఉంది, 1910లో అనంతపురానికి మారింది. గాజు వంటి పెళుసు సరుకుకు ఎద్దుబండి కుదుపుల కంటే రైలుపెట్టె నయం. అయితే ఇళ్ళలోకి గాజు మొదట కిటికీ రూపంలో రాలేదని నా అభిప్రాయం. లాంతరు చిమ్నీ, ముఖం చూసుకునే అద్దం, దేవుడి పటం ముందు వచ్చాయి. 1894లో బొంబాయిలో మొదలైన రవివర్మ ముద్రణాలయం తరువాత దేవుళ్ళ రంగు బొమ్మలు అంగడి సరుకయ్యాయి. బొమ్మ అంగడిలో దొరికితే దానికి చట్రం కావాలి, చట్రానికి గాజు కావాలి. ఈనాటికీ చిన్న ఊళ్ళలో కదిరి నరసింహస్వామి పటానికి చట్రం కట్టే చేతులే కిటికీ రెక్కకు అద్దం కోస్తాయి. పటాల అంగడే కిటికీ అద్దాల అంగడికి పుట్టిల్లు అనడానికి ఈ వృత్తి బంధమే నా ఆధారం.

ఆ అంగడి పనిముట్లు కొద్దివే: వజ్రపు మొన ఉన్న కలం లేదా చిన్న ఉక్కు చక్రం, గజం బద్ద, గుడ్డ పరిచిన బల్ల. గీత ఒక్కసారే గీయాలి. రెండోసారి గీస్తే విరుపు దారి తప్పుతుంది. కోసిన ముక్కను చెక్క రెక్కలో కూర్చి, అవిసె నూనె, సుద్దపొడి కలిపిన పుట్టీతోనో సన్నటి బీడింగుతోనో బిగిస్తారు. మంగుళూరు పెంకుల నడుమ ఒక గాజు పెంకు వేసి గదికి వెలుగు తెచ్చే పద్ధతి కూడా ఉంది. గుంట మగ్గంలో కూర్చుని పట్టు రంగులు పోల్చుకోవలసిన ధర్మవరం నేతగాడి లాంటివాళ్ళకు వెలుగంటే కూలిడబ్బులే.

దేశంలో పలక గాజు తొలుత ఉత్తరాదిన బహజోయిలో తయారైంది. తెలుగునేల మీద అలహాబాదుకు చెందిన త్రివేణి గ్లాస్ సంస్థ రాజమండ్రి దగ్గర కర్మాగారం పెట్టింది. గూడూరు తీరంలో చిల్లకూరు, కోట మండలాల తెల్లని సిలికా ఇసుక ఉన్నా, దాన్ని వాడుకునే పెద్ద బట్టీలు ఎక్కువగా వేరేచోట వెలిశాయి. 2000లో సెయింట్ గోబెన్ శ్రీపెరంబుదూరులో ఫ్లోట్ గాజు మొదలుపెట్టాక సీమ అంగళ్ళకు అలలు లేని అద్దం దగ్గరైంది. కరిగిన తగరం మీద తేలుతూ చదునయ్యే ఈ గాజు పద్ధతిని పిల్కింగ్టన్ సంస్థ 1959లో ప్రకటించింది.

ఈలోగా ఇల్లు మారిపోయింది. సిమెంటు స్లాబు వచ్చాక గవాచి పోయింది. వెలుగు గోడలోంచే రావాలి గనుక కిటికీ పెద్దదైంది. వేప, టేకు చౌకట్ల పక్కన రాతి చౌకట్లు, సిమెంటు జాలీలు, వెల్డింగు గ్రిల్లులు చేరాయి. స్నానాల గదికి పిన్‌హెడ్ గాజు, లూవర్లు. తరువాత అల్యూమినియం స్లైడింగులు, ఆ వెనకే యూపీవీసీ. వడ్రంగి చేతిలోంచి కిటికీ జారి సెక్షన్లు కోసి మూలలు బిగించే ఫ్యాబ్రికేటర్ చేతికి వెళ్ళింది. గాజు అంగడి మాత్రం ఇద్దరికీ చుట్టమే. ఈ దశే ఆ వృత్తికి మంచికాలం.

ఇప్పటి మార్పు దాన్ని దెబ్బతీస్తోంది. పెనుకొండ మండలం ఎర్రమంచిలో ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. దెబ్బ నేరుగా అక్కడి నుంచి కాదు: కారు అద్దాలు ఈ అంగళ్ళ పరిధిలోనివి కావు, అవి వేరే పరిశ్రమ. అయితే కారు పక్క కిటికీల్లో ఉండే టఫెన్డ్ గాజే మేడల మెట్ల పక్కకూ దుకాణాల ముఖానికీ వచ్చింది. ఆరువందల డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, గాలి ఊది ఒక్కసారిగా చల్లార్చిన ఆ పలకను మళ్ళీ కోయడం కుదరదు. గీత పెట్టి విరిచామా, పలకంతా చిన్న ముక్కలై రాలిపోతుంది. కాబట్టి కోత, రంధ్రం, అంచు సానపట్టడం అన్నీ బట్టీకి ముందే, అంటే తరచుగా నగరంలోని కర్మాగారంలోనే జరిగిపోవాలి. ఊరి అంగడికి మిగిలేది కొలత తీసుకోవడం, బిగించడం. పూత, టైల్సు పూర్తికాకముందు రాసిన కొలత ఒక్క సూత్ తేడా వచ్చినా పలక పనికిరాదు, ఆ నష్టం కొలత రాసినవాడి లెక్కలోనే పడుతుంది.