శశిరేఖలో రంగారావు

1957 వేసవి, బందరు. మీరు నేల టిక్కెట్టు కొనుక్కుని జనం మధ్య ఇరుక్కుని కూర్చున్నారు. ఉక్క. ప్రొజెక్టరు వెలుగులో చుట్టపొగ సుడులు తిరుగుతోంది. ఆడవాళ్ళ వైపు ఏదో చంటిది ఆగకుండా ఏడుస్తోంది. ‘మాయాబజార్’ మొదలై చాలాసేపయినా హాలు ఇంకా కుదురుకోలేదు.

అడవిలో సుభద్రనీ అభిమన్యుణ్ణీ అడ్డగిస్తూ ఘటోత్కచుడు దిగాడు. హాలు గప్‌చుప్.

భుజాన గద. కనుబొమ్మ ఒకటి పైకి లేచింది. అంత మనిషి అడుగేస్తే నేల అదరాలి గానీ ఆ అడుగు తాళానికి పడుతోంది. రాక్షసుడే, కాకపోతే తనని చూసుకుని తనే మురిసిపోయే రాక్షసుడు. భయపడదామనుకున్న పిల్లలు నవ్వుతున్నారు.

పక్కనున్న పెద్దాయన మీ చెవి దగ్గరికి వంగాడు. “ఈయన మన ఊళ్ళో ఫైరాఫీసరుగా చేశారండీ.”

నిజమే. నూజివీడులో 1918లో పుట్టిన సామర్ల వెంకట రంగారావు కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలాడారు, బందరులోనూ విజయనగరంలోనూ మంటలార్పే కొలువు చేశారు. తొలి సినిమా ‘వరూధిని’లో హీరోయే. అది ఆడలేదు. జంషెడ్‌పూర్ వెళ్ళి టాటా కంపెనీలో ఉద్యోగం చూసుకున్నారు. తిరిగొచ్చాక, 1951లో ‘పాతాళభైరవి’ నేపాళ మాంత్రికుడు ఆయన్ని ఇంటింటికీ తెచ్చాడు. ‘వరూధిని’ ఆడి ఉంటే మనకి మరో అందగాడు దొరికేవాడేమో. ఆడకపోవడమే మన అదృష్టమని నాకనిపిస్తుంది.

తెర మీదికి కృష్ణుడొచ్చాడు. మేనమామ వరసైన ఆ వేషంలో ఉన్న ఎన్టీ రామారావు, ఈ మేనల్లుడి కంటే దాదాపు అయిదేళ్ళు చిన్న. హాల్లో ఎవరికీ ఆ లెక్క పట్టలేదు. 1962లో ‘గుండమ్మ కథ’లో ఇదే రామారావుకి ఈయన తండ్రి అయినప్పుడూ పట్టదు. ‘నర్తనశాల’ కీచకుడికి జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వస్తుంది. 1974లో 56 ఏళ్ళకే పోతారు. అన్ని తండ్రి వేషాలు, తాత వేషాలు వేసిన మనిషి అసలు ముసలితనం చూడనే లేదు.

ఆ సంగతులన్నీ తర్వాత. ఇప్పుడు ఘటోత్కచుడు పెళ్ళికూతురు శశిరేఖ రూపం ఎత్తాడు. ఇక తెర మీద రంగారావు లేరు, సావిత్రి ఉంది.

పెళ్ళికూతురి సిగ్గుతో పాట ఎత్తుకుంది. సుశీల గొంతు. అద్దినట్టున్న అభినయం. పక్కాయన సర్దుకుని కూర్చున్నాడు, ముందేదో తెలిసినవాడిలా. ఉన్నట్టుండి ఆ నోట మగ గొంతు విరుచుకుపడింది. భుజాలు వెనక్కి పోయాయి, ఛాతీ ముందుకొచ్చింది. చీర కట్టిన ఆ మనిషి లోపల ఎవరో బరువైనవాడు కదులుతున్నాడు. మళ్ళీ అంతలోనే గారాల పిల్ల.

ఆ మగ గొంతు ఘంటసాలది. ఇంకాసేపట్లో విందు పాటలో పళ్ళేలు ఖాళీ అవుతుంటే వినపడబోయేది మాధవపెద్ది సత్యం. ఈ పెళ్ళికూతురి పాటలో గొంతూ రంగారావుది కాదు, ఒళ్ళూ రంగారావుది కాదు. అయినా మీకు కనపడుతున్నది ఆయనే. కనుబొమ్మ తీరూ అడుగు బరువూ మొదట ఆయన కట్టి పెట్టారు కాబట్టే సావిత్రి వాటిని తొడుక్కోగలిగింది. ఇంత గొప్ప నటి తన ప్రతిభంతా పెట్టి ఇంకొక నటుణ్ణి వేషంగా వేసుకోవడం మన సినిమాల్లో ఎన్నిసార్లు జరిగింది?

పెళ్ళి పీటల దగ్గర లక్ష్మణకుమారుడు, మన రేలంగి, మురిసిపోతూ కూర్చున్నాడు. పెళ్ళికూతురు తల వంచుకునే ఉంది. అలా వంచుకునే అతని కాలు తొక్కింది. రేలంగి గిలగిల్లాడాడు.

నేల క్లాసు మొత్తం లేచింది. పెద్దాయన మీ భుజమ్మీద చరిచి అరుస్తున్నాడు: “తొక్కారండీ, రంగారావు తొక్కారు!”